పూర్వపక్షం నేర్పే చదువు

(ఆచార్య కొత్త సచ్చిదానందమూర్తి స్మృతిలో మిషిగన్ రాష్ట్రం నోవైలో చేసిన ఉపన్యాస పాఠం)



గుంటూరు నుంచి తెనాలి పోయే రైలు దారిలో సంగం జాగర్లమూడి అనే ఊరుంది. ఆచార్య కొత్త సచ్చిదానందమూర్తిగారు 1924లో అక్కడ పుట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తత్త్వశాస్త్రం బోధించారు. తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా, ఢిల్లీలో యూజీసీకి ఉపాధ్యక్షులుగా పనిచేశారు. 2001లో పద్మవిభూషణ్ అందుకున్నారు. 2011లో కన్నుమూశారు. పదవుల సంగతి ఇంతటితో చాలు. ఆయన పుస్తకాల్లో రెండింటిని ఈ సాయంత్రం తలుచుకోవాలని ఉంది. 1959లో వచ్చిన ‘రివెలేషన్ అండ్ రీజన్ ఇన్ అద్వైత వేదాంత’లో అద్వైతం నిలిచేది శ్రుతి మీదా, లేక యుక్తి మీదా అని ఆయన నిలదీశారు. 1985లో వచ్చిన ‘ఫిలాసఫీ ఇన్ ఇండియా’లో మన దేశంలో తత్త్వాన్ని ఎలా చెబుతూ వచ్చారు, ఎలా పరిశోధిస్తూ వచ్చారు అన్నది పరిశీలించారు. ప్రశ్న వేయడం ఒక పని. ప్రశ్న వేయడాన్ని తర్వాతి తరానికి అప్పగించడం ఇంకో పని. నేను మాట్లాడబోయేది ఈ రెండో పని గురించి. నోవైలో పెరుగుతున్న మన పిల్లలు పదహారు, పదిహేడేళ్ల వయసులో మతాన్ని, తత్త్వాన్ని, నీతిని ఒక చదువుగా, కాల్‌క్యులస్ అంత గట్టి చదువుగా చదవాలి. చెప్పదలచుకున్నది ఇదే.

ఈ ఊళ్లో శ్రీవేంకటేశ్వరస్వామి గుడి టాఫ్ట్ రోడ్డు మీద ఉంది. నోవై హైస్కూలు కూడా టాఫ్ట్ రోడ్డు మీదే ఉంది. మన పిల్లల జీవితం చాలావరకు ఆ రోడ్డు మీదే నడుస్తుంది. గుడిలో శ్లోకం నోటికి వస్తుంది, ఉచ్చారణ దిద్దుకుంటుంది, ప్రహ్లాదుడి కథ తెలుస్తుంది, పెద్దల కాళ్లకు దండం పెట్టడం అలవాటవుతుంది. వీటి విలువ నాకు తెలుసు. మా ఇంట్లో పిల్లలూ గుడి తరగతుల్లో కూర్చున్నవాళ్లే. ఇక బడిలో ఏడో తరగతి సోషల్ పుస్తకంలో ప్రపంచ మతాల పాఠాలు వస్తాయి. కర్మ, పునర్జన్మ, కులం, ఒక పటం, ఒక క్విజ్. అక్కడితో సరి. పన్నెండేళ్ల పిల్లకు అంతకంటే చెప్పలేరు కూడా. కానీ ఆ పిల్లకు పదహారేళ్లు వచ్చి, అసలు ప్రశ్నలు మొదలయ్యే వేళకు బడి ఆ మాటే ఎత్తదు. కాలేజీ స్థాయి అని మనం మోజుపడే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) కోర్సులు నలభైకి అటూ ఇటూ ఉన్నాయి. అందులో తత్త్వశాస్త్రం లేదు, మతాల అధ్యయనం లేదు, నీతిశాస్త్రం లేదు. గుడిలో అడిగితే తప్పనిపిస్తుందేమోనని, బడిలో అడిగితే నవ్వుతారేమోనని ఆ పిల్ల ప్రశ్నను లోపలే దాచుకుంటుంది.

ఇదే ఊళ్లో విక్సమ్ రోడ్డు మీద డెట్రాయిట్ కాథలిక్ సెంట్రల్ హైస్కూలు ఉంది. 1928లో మొదలై 2005లో నోవైకి తరలివచ్చిన, బసీలియన్ ఫాదర్ల బడి. అక్కడ థియాలజీ కూడా ఒక సబ్జెక్టు. తమ మతం ఏమంటోంది, ఎందుకంటోంది అన్నది కాగితం మీద రాసి మార్కులు తెచ్చుకోవడం ఆ పిల్లల చదువులో భాగం. ఒకే ఊరి పిల్లల్లో కొందరికి తమ నమ్మకాన్ని మాటల్లో పెట్టే సాధన దొరుకుతోంది, కొందరికి దొరకడం లేదు.

మనవాళ్లలో ఒక అపోహ బాగా పాతుకుపోయింది. అమెరికాలో ప్రభుత్వ బడుల్లో మతం మాట ఎత్తకూడదని చట్టం ఉందనుకుంటారు. ఈ అపోహకు మూలం పెన్సిల్వేనియాలో 1956 నవంబరులో ఎలరీ షెంప్ అనే పదహారేళ్ల కుర్రవాడు చేసిన పనిలో ఉంది. ఆ రోజుల్లో ఆ రాష్ట్ర చట్టం ప్రకారం రోజూ పొద్దున్నే తరగతిలో బైబిలు నుంచి పది వచనాలు చదవాల్సి ఉండేది. అతను ఒక రోజు ఖురాన్ తెచ్చుకుని మౌనంగా చదువుతూ కూర్చున్నాడు. వ్యవహారం ప్రిన్సిపాల్ గదికి, అక్కడి నుంచి కోర్టుకు, చివరికి సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1963 జూన్ 17న కోర్టు 8–1తో తీర్పు చెప్పింది. భక్తితో చేసే పఠనాన్ని బడి నిర్వహించకూడదంది. అదే తీర్పులో జస్టిస్ క్లార్క్ ఇంకో మాట కూడా రాశారు. మతాల చరిత్రను, వాటి తులనాత్మక అధ్యయనాన్ని లౌకిక విద్యలో భాగంగా నిష్పక్షపాతంగా బోధించడానికి రాజ్యాంగం అడ్డురాదన్నారు. అలాంటి చదువు లేకపోతే విద్య పూర్తి కాదనే వాదనలో బలముందని కూడా అన్నారు. తీర్పులో మొదటి సగం దేశమంతా పాకింది. రెండో సగం అరవై ఏళ్లకు పైగా కాగితం మీదే ఉండిపోయింది. కాలిఫోర్నియాలోని మొడెస్టో పట్టణం 2000లో తొమ్మిదో తరగతి పిల్లలందరికీ ప్రపంచ మతాల కోర్సును తప్పనిసరి చేసింది. అలా చేసిన ఊళ్లు చాలా తక్కువ.

మన దేశంలోనూ సరిగ్గా ఇదే జరిగింది. రాజ్యాంగం 28వ అధికరణం ప్రకారం పూర్తిగా ప్రభుత్వ ధనంతో నడిచే బడిలో మతబోధ కూడదు. ఆ రాజ్యాంగం ఇంకా తయారవుతున్న రోజుల్లోనే, 1948–49లో, సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన విశ్వవిద్యాలయ విద్యా సంఘం పనిచేసింది. డిగ్రీ మొదటి ఏడాది మహనీయుల జీవితాలు, రెండో ఏడాది వివిధ మతగ్రంథాల నుంచి సార్వజనీనమైన భాగాలు, మూడో ఏడాది మతతత్త్వశాస్త్రంలోని కీలక సమస్యలు బోధించాలని సూచించింది. తర్వాత 1964–66 నాటి కొఠారీ సంఘం మతబోధ వేరు, మతాల గురించిన బోధ వేరు అని స్పష్టంగా విడదీసి చెప్పింది. ఆ సూచనలు అమలైన కాలేజీలను వేళ్ల మీద లెక్కపెట్టాలి. ఇటీవల తెలుగు రాష్ట్రాల్లో ఇంటర్ చదివి ఇక్కడికి వచ్చిన యువకులకు మొదటి ఏడాది నైతికత, మానవ విలువల పరీక్ష గుర్తుండే ఉంటుంది. పాసయితే చాలు, ఆ మార్కులు మొత్తంలో కలిసేవి కావు. మార్కుల మీదే బతికే వ్యవస్థలో మార్కు లేని నీతికి ఎంత గౌరవం దక్కుతుందో మీరే చెప్పండి.

ఇంగ్లండులో మన తెలుగు పిల్లలకు పరిస్థితి ఇంకోలా ఉంది. అక్కడ మన ఇంటర్ లాంటి ఏ-లెవెల్లో రెలిజియస్ స్టడీస్ ఒక పూర్తి సబ్జెక్టు. ఓసీఆర్ అనే పరీక్షల బోర్డువారి పద్ధతి తీసుకుందాం. మూడు పేపర్లు: మతతత్త్వశాస్త్రం ఒకటి, మతమూ నీతీ ఒకటి, ఏదైనా ఒక మత సంప్రదాయంలో ఆలోచన ఎలా పెరిగిందన్నది ఒకటి. ఈ మూడోదానిలో హిందూ చింతనను ఎంచుకునే వీలు కూడా ఉంది. ఒక్కో పేపరు రెండు గంటలు, మూడు వ్యాసాలు, వ్యాసానికి 40 మార్కులు. ఆ 40లో విషయం తెలిసినందుకు 16, దాన్ని తూచి తన తీర్పు చెప్పినందుకు 24. నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఈ విభజనే. పుస్తకంలో ఏముందో అప్పజెబితే సగం మార్కులు కూడా రావు. ఎదుటివాదాన్ని సరిగా చెప్పి, అది ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ కూలుతుందో చూపించాలి.

ఈ చదువు లోపల ఎలా ఉంటుందో ఒక్క ప్రశ్నతో చూద్దాం. మన ఇళ్లలో ఎప్పుడూ వినిపించే ప్రశ్నే. మంచివాడైన, సర్వశక్తిమంతుడైన దేవుడుంటే లోకంలో ఇంత బాధ ఎందుకు?

జాన్ మాకీ అనే తత్త్వవేత్త 1955లో ఈ ప్రశ్నను తర్కం రూపంలో బిగించాడు. దేవుడు సర్వశక్తిమంతుడు, దేవుడు పూర్తిగా మంచివాడు, చెడు ఉంది. ఈ మూడు మాటలూ ఒకేసారి నిజం కాలేవన్నాడు. దీనికి బాగా పేరుపొందిన జవాబు మన మిషిగన్ మనిషి నుంచే వచ్చింది. ఆన్ ఆర్బర్‌లో పుట్టిన ఆల్విన్ ప్లాంటింగా, ఇక్కడి నుంచి ఐ–96 మీద రెండు గంటల దూరంలో గ్రాండ్ రాపిడ్స్‌లోని కాల్విన్ కాలేజీలో పాఠాలు చెబుతూ 1974లో ‘గాడ్, ఫ్రీడమ్, అండ్ ఈవిల్’ ప్రకటించాడు. మనిషికి నిజమైన స్వేచ్ఛ ఇస్తే, ఆ మనిషి ఎప్పుడూ మంచే చేసేలా చూడటం దేవుడికి కూడా సాధ్యం కాకపోవచ్చు, కనుక ఆ మూడు మాటలూ కలిసి నిలవడం సాధ్యమే అని వాదించాడు. ఇది మనిషి చేసే చెడుకు సరిపోతుంది. మరి భూకంపానికో, పసిబిడ్డ కాన్సరుకో? పదకొండో తరగతి పిల్ల ఈ ప్రశ్న తప్పకుండా అడుగుతుంది.

ఇక్కడ మన ఇంటి చదువు అక్కరకు వస్తుంది. బ్రహ్మసూత్రాల రెండో అధ్యాయం మొదటి పాదంలో ఈశ్వరుడి మీద రెండు అభియోగాలు ఎత్తుకున్నారు. ఒకరిని సుఖపెట్టి ఒకరిని బాధపెట్టే పక్షపాతం ఒకటి, దయ లేకపోవడం రెండోది. శంకరులు ఇచ్చిన సమాధానం కర్మ. వాన అన్ని గింజలకూ ఒకటే, వరి వరిగా, యవలు యవలుగా మొలవడం గింజను బట్టి జరుగుతుంది, ఈశ్వరుడూ ఆ వాన వంటివాడే అన్నారు. అయితే మొట్టమొదటి సృష్టికి ముందు కర్మ ఎక్కడిది? సంసారానికి మొదలు లేదు అని సూత్రం ఆ సందేహానికీ జవాబు చెబుతుంది. దేవుడు, బాధ, స్వేచ్ఛ అనే అవే ముడులను వెయ్యేళ్ల ముందు వేరే వైపు నుంచి విప్పిన పద్ధతి ఇది. మన పిల్ల దీన్ని తరగతిలో ప్లాంటింగా పక్కన పెట్టి చూపించగలిగితే ఆ తరగతి మొత్తానికి లాభం.

అక్కడితో ఆపితే మాత్రం అది చదువు కాదు, పక్షం తీసుకోవడం. కర్మ సిద్ధాంతం మీద పడ్డ అతి బలమైన దెబ్బ మన దేశంలోనే పడింది. 1957లో, అంబేద్కర్ మరణించాక, వెలువడిన ‘ద బుద్ధ అండ్ హిజ్ ధమ్మ’లో ఆయన పూర్వజన్మ కర్మ అనే భావనను ప్రశ్నించారు. పేదవాడి, అణగారినవాడి దుస్థితికి అతని గతజన్మే కారణమంటే సమాజమూ రాజ్యమూ తమ బాధ్యత నుంచి తప్పించుకుంటాయన్నది ఆయన అభ్యంతరం. శంకరుల జవాబు చదివిన పిల్ల ఈ అభ్యంతరాన్నీ అంతే శ్రద్ధగా చదవాలి. ఇంట్లో అమ్మమ్మ ‘ప్రారబ్ధం’ అన్నప్పుడు ఆ మాటలోని ఓదార్పునూ గుర్తించాలి, అదే మాటను ఒక కులం మీద మోపినప్పుడు అందులోని అన్యాయాన్నీ గుర్తించాలి. ఈ రెండింటినీ ఒకే బుర్రలో మోయగలగడమే నేను కోరుకునే చదువు.

కొత్తగా తెచ్చిపెట్టుకున్న పద్ధతి కాదిది. మూర్తిగారు 1971లో నాగార్జునుడి మీద ఒక పుస్తకం రాశారు. ఆ నాగార్జునుడి ‘విగ్రహవ్యావర్తని’ ఎలా మొదలవుతుందో చూడండి. డెబ్బై శ్లోకాల గ్రంథంలో మొదటి ఇరవై శ్లోకాలు ప్రత్యర్థుల ఆక్షేపణలే. అన్నీ శూన్యమైతే నీ మాట కూడా శూన్యమే కదా అని మొదట తన మీదే బాణం వేయించుకుని, ఆ తర్వాతే జవాబు మొదలుపెడతాడు. పద్నాలుగో శతాబ్దంలో విజయనగరంలో మాధవాచార్యులు రాసిన ‘సర్వదర్శన సంగ్రహం’ సంగతీ అంతే. రాసినవారు అద్వైతి. పుస్తకం మొదలయ్యేది చార్వాకంతో. దేవుడు లేడు, పరలోకం లేదు అనేవారి వాదాన్ని ముందు నిలబెట్టి, బౌద్ధం, జైనం దాటుకుంటూ ఒక్కో దర్శనాన్నీ వివరిస్తూ వెళ్లారు. ఎదుటివాడు తన వాదం విని ‘అవును, నేను చెప్పేది ఇదే’ అని ఒప్పుకునేంత న్యాయంగా దాన్ని చెప్పడం పూర్వపక్షం. అది చేశాకే సిద్ధాంతం చెప్పే హక్కు వచ్చేది.

మన న్యాయదర్శనం చర్చలను మూడు రకాలుగా విడదీసింది. నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం, గెలవడానికి చేసేది జల్పం, తన మాటంటూ లేకుండా ఎదుటివాడిని పడగొట్టడానికే చేసేది వితండం. మన పిల్లలు ఈ దేశంలో డిబేట్ పోటీల్లో బాగా రాణిస్తున్నారు. సంతోషం. కానీ ఆ పోటీలో ఏ పక్షం వస్తే ఆ పక్షం గెలిపించాలి, అది జల్పం. వాదానికి దగ్గరైన పోటీ ఒకటుంది. 1993లో షికాగోలోని ఇల్లినాయ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో రాబర్ట్ లాడెన్సన్ అనే ఆచార్యుడు మొదలుపెట్టిన ఎథిక్స్ బౌల్. తర్వాత అది హైస్కూళ్లకూ వచ్చింది. మిషిగన్ హైస్కూళ్ల పోటీకి కేంద్రం ఆన్ ఆర్బర్, మనకు అరగంట దూరం. అందులో రెండు జట్లు ఎదురెదురు పక్షాలు తీసుకోనక్కర్లేదు, ఒకే అభిప్రాయంతోనూ ఉండొచ్చు. ఎంత లోతుగా ఆలోచించారు, ఎదుటి జట్టు మాటను ఎంత శ్రద్ధగా విన్నారు అన్నదానికి మార్కులు. స్పెల్లింగ్ బీకి మన సంఘాలు పెట్టే శ్రద్ధలో పదోవంతు దీనికి పెట్టినా చాలు.

ఎదుటివారి విమర్శ ఒక యువకుడిని ఏం చేయగలదో మనకు తెలిసిన ఉదాహరణ రాధాకృష్ణన్‌గారిది. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివే రోజుల్లో మిషనరీ అధ్యాపకులు హిందూ ధర్మంలో నీతికి చోటు లేదని విమర్శించేవారు. ఆ యువకుడు నొచ్చుకున్నాడు. నొచ్చుకుని ఊరుకోలేదు, అర్జీ పెట్టలేదు, చదివాడు. 1908లో ఎం.ఏ. కోసం వేదాంతంలో నీతి అనే అంశం మీదే థీసిస్ రాశాడు. విమర్శించినవారి కాలేజీలోనే, వారి తర్కపద్ధతిలోనే రాశాడు. ఆయనే 1931 నుంచి 1936 దాకా ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతి. ఆ వెంటనే ఆక్స్‌ఫర్డ్‌లో ప్రాచ్య మతాలు, నీతిశాస్త్రం చెప్పే స్పాల్డింగ్ ప్రొఫెసర్.

మన ప్రవాస సంఘాలు ఎంచుకుంటున్న దారి ఎక్కువగా వేరు. 2005–06లోనూ, మళ్లీ 2016లోనూ కాలిఫోర్నియాలో ఆరో తరగతి పాఠాల్లో హిందూ మతం గురించి ఏం ఉండాలన్న దానిపై పెద్ద వివాదం నడిచింది. కొన్ని హిందూ సంస్థలు మార్పులు కోరాయి, దళిత సంఘాలు, కొందరు పండితులు వాటిని వ్యతిరేకించారు. పాఠ్యపుస్తకంలో పొరపాటు ఉంటే దిద్దమని అడగాల్సిందే. అయితే పన్నెండేళ్ల పిల్ల చదివే పేరా కోసం ఇంత పోరాడిన మనం, పదిహేడేళ్ల పిల్లకు ఆ పేరాను తనంతట తాను తూచే శక్తి ఇవ్వడానికి ఏం చేశాం? కులం గురించి తోటి విద్యార్థి అడిగినప్పుడు ‘అదంతా ఇప్పుడు లేదు’ అని తప్పుకునే పిల్లలను చూస్తున్నాను. ఆ జవాబు నిజం కాదు, ఆ పిల్లలకూ ఆ సంగతి లోలోపల తెలుసు. వారికి మనం ఇవ్వాల్సింది సర్దుబాటు జవాబు కాదు, చదువు.

అలాంటి చదువుకు పాఠంగా చెప్పడానికి కాకినాడ పి.ఆర్. కాలేజీ చరిత్ర ఒక్కటి చాలు. బ్రహ్మసామాజికుడు, పరమ ఆస్తికుడు రఘుపతి వెంకటరత్నం నాయుడు అక్కడ ప్రిన్సిపాల్. అంటరానితనాన్ని ఎదిరించడం ఆయనకు భక్తిలో భాగం. అదే కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పిన గోపరాజు రామచంద్రరావు, మనం గోరా అని పిలుచుకునే నాస్తికుడు, తన భావాల వల్ల 1933లో ఉద్యోగం పోగొట్టుకున్నారు. ఆయన కూడా అంటరానితనాన్ని ఎదిరించారు, దేవుడు లేడన్న నిశ్చయంతో. ఒకే నీతికి ఇద్దరూ ఎదురెదురు దారుల్లో చేరారు. నీతికి దేవుడు కావాలా అన్న ప్రశ్నకు ఇంతకంటే మంచి తెలుగు పాఠం నాకు తెలియదు.

ఇక ఉద్యోగంలో నీతి. ఈ హాల్లో కూర్చున్నవారిలో సగం మంది కార్ల పరిశ్రమను నమ్ముకున్నవారే. 2014లో జనరల్ మోటార్స్ ఇగ్నిషన్ స్విచ్ లోపం మీద 26 లక్షల కార్లను వెనక్కి పిలిచింది. నష్టపరిహార నిధి 124 మరణాలను ఆ లోపానికి ముడిపెట్టి ఒప్పుకుంది. లోపం సంగతి లోపల కొందరికి పదేళ్లకు పైగా తెలుసు. కంపెనీ వేయించిన వాలుకాస్ నివేదికలో ఒక అలవాటు గురించి రాశారు. మీటింగులో అందరూ ఇది చేయాల్సిందే అని తలలూపుతారు, బయటికి వచ్చాక ఎవరూ చేయరు. ఆ గదుల్లో చెడ్డవాళ్లు కూర్చోలేదు. బాధ్యత పదిమందిలో పంచుకున్నప్పుడు ఒక్కొక్కరి వంతు ఎంత అన్న ప్రశ్నను ఎప్పుడూ ఎదుర్కోని మంచి ఇంజనీర్లు కూర్చున్నారు. రేపు మన పిల్లలు కూర్చోబోయే గదులు అవే. డ్రైవరు లేని కారు ఎవరి ప్రాణాన్ని ఎలా లెక్కవేయాలో కోడు రాసేదీ వాళ్లే. నీతిశాస్త్రం ఉద్యోగానికి పనికిరాదనే తండ్రి తన ఉద్యోగాన్నే ఒకసారి మళ్లీ చూసుకోవాలి.

మరి ఏ దారి ఉంది? ఉన్నవి కొన్నే, కానీ ఉన్నాయి. మిషిగన్‌లో 1996 నాటి చట్టం హైస్కూలు పిల్లలు కాలేజీ కోర్సులు తీసుకోవడానికి వీలు కల్పించింది, నిర్ణీత మేరకు ఫీజు కూడా బడి జిల్లాయే కడుతుంది. ఆ చట్టం థియాలజీ, మతవిద్య కోర్సులను మినహాయించింది. తత్త్వశాస్త్రాన్ని, నీతిశాస్త్రాన్ని మినహాయించలేదు. కమ్యూనిటీ కాలేజీల్లో ఆ పాఠాలు ఉన్నాయి. మన ఓక్లాండ్ కౌంటీలో 1996 నుంచే నడుస్తున్న ఇంటర్నేషనల్ అకాడమీలో పిల్లలు చదివేది ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్) డిప్లొమా. అందులో ‘థియరీ ఆఫ్ నాలెడ్జ్’ అందరికీ తప్పనిసరి. మనకు తెలిసింది నిజమని ఎలా తెలుసు అన్నదే దాని విషయం. మతమూ జ్ఞానమూ అన్నది అందులో ఎంచుకోదగిన అంశాల్లో ఒకటి.

తల్లిదండ్రులకు నా విన్నపం ఇది. కోర్సులు ఎంచుకునే వేళ మీ అమ్మాయి తత్త్వశాస్త్రం అంటే, మీ అబ్బాయి నీతిశాస్త్రం అంటే, ‘దానివల్ల ఏమొస్తుంది’ అనకండి. ఆ పుస్తకం మీరూ తెచ్చుకుని చదవండి. భోజనాల దగ్గర వాళ్లతో వాదించండి, ఓడిపోవడానికి సిద్ధపడి వాదించండి. పదకొండు, పన్నెండు తరగతుల పిల్లలారా, మీ కౌన్సెలరును అడగండి. పదిమంది అడిగితే బడి ఆలోచిస్తుంది, ముప్పై మంది అడిగితే తరగతి పెడుతుంది. గుడి నడిపే పెద్దలకు ఒక్క కోరిక. ఏడాదికి ఒక్క శనివారం సాంస్కృతిక మందిరాన్ని హైస్కూలు పిల్లలకు ఇవ్వండి. కాథలిక్ సెంట్రల్ పిల్లలను, మసీదుకు వెళ్లే పిల్లలను, ఏ గుడికీ వెళ్లని పిల్లలను పిలవండి. ఒక ప్రశ్న ఇచ్చి, ప్రతి ఒక్కరూ ముందు తనది కాని పక్షాన్ని చెప్పాలని నియమం పెట్టండి. ఈ ఏడాదే మొదలుపెట్టండి.